అవ్వ ముందు ఓడిపోయిన సారు

నీళ్ళ తొట్టిలో పెట్టిన గాజు బీకరు వేడెక్కేకొద్దీ అందులోని తెల్లటి కొవ్వు ముద్ద అంచుల నుంచి కరగడం మొదలుపెడుతుంది. అప్పుడొక వాసన వస్తుంది. కొవ్వొత్తి ఆర్పినప్పటి వాసన కొంచెం, మాడబోయే నెయ్యి వాసన కొంచెం. ఈ ఉదయం మా కాలేజీ ల్యాబులో పిల్లలకు ఆ కొవ్వులో మందు పెట్టే పని చూపిస్తున్నాను. అనంతపురంలో ఏప్రిల్ ఎండ గురించి చెప్పేదేముంది, కాలేజీ గంట కొట్టేసరికే కిటికీ ఊచలు పట్టుకోలేం. వెనక బల్ల దగ్గరి పిల్ల ఒకతి, "మేడం, ఇంత ఎండలో ఈ కొవ్వు గింజలు నిలబడతాయా?" అని అడిగింది. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. ఇదే ల్యాబులో, ఇదే వాసన మధ్య, ఇదే ప్రశ్న ఒకప్పుడు నేనడిగాను. నాగభూషణం సారు నన్ను ఎగాదిగా చూసి, "ఎండ లేని ఊరోళ్ళకు మందు చేసేదానికి వాళ్ళోళ్ళు ఉండారు లేమ్మా. మనం ఎండలో ఉండేటోళ్ళకు చేస్తాం" అన్నారు. అది జవాబో, తిట్టో నాకప్పుడు అర్థం కాలేదు. సారు విషయంలో నాకు అర్థం కానివి ఇంకా చాలా ఉన్నాయి, ఆయన పోయాక అవి తగ్గుతాయనుకున్నాను గానీ పెరిగాయి.

సారును మీరు చూడలేదు కాబట్టి చెబుతాను. బక్కపలచటి మనిషి. చొక్కా చేతులు ఎప్పుడూ మోచేతుల దాకా మడిచి ఉండేవి. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టారు. మగ్గం గుంతలో కూర్చుని వాళ్ళ నాయన నేస్తుంటే పక్కన కండెలకు పట్టుపోగు చుట్టి, ఆ చేతులతోనే ఫార్మసీ చదివి మా కాలేజీకి వచ్చారు. మనిషి చదువులోకి వచ్చినా మగ్గం ఆయనలోంచి పోలేదు. ప్రయోగం చెడిపోతే మేమందరం హడావుడిగా మళ్ళీ మొదటి నుంచి చేయబోయేవాళ్ళం. ఆయన చేయి అడ్డం పెట్టేవారు. "తెగిన పోగు యాడుందో చూడకుండా మగ్గం తొక్కితే ఏమైతాది? ఇంకో నాలుగు తెగుతాయి. కూర్చో. యాడ తెగిందో చెప్పు, అప్పుడు లెయ్" అనేవారు. మేం కూర్చునేవాళ్ళం. ఒక్కోసారి రోజంతా ఏమీ చేయకుండా, ఎక్కడ తెగిందా అని మాట్లాడుకుంటూనే గడిచిపోయేది. ఇదేం చదువు స్వామీ అని విసుక్కునేదాన్ని. ఇప్పుడు మా పిల్లలు నన్ను చూసి అట్లాగే విసుక్కుంటారు.

మేం చేసే పని గురించి కూడా రెండు మాటలు చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. మెదడుకు ఒక కావలి ఉంది. ఒంట్లో తిరిగే రక్తంలో ఏముంటే అది లోపలికి రాకుండా ఆ కావలి ఆపుతుంది. మంచిదే, కానీ మందును కూడా ఆపేస్తుంది. అందుకని మెదడు జబ్బులకు మందు ఎక్కువ వేయాల్సి వస్తుంది. అందులో కాస్త మెదడుకు చేరుతుంది, మిగిలింది ఒళ్ళంతా తిరిగి మనిషిని మత్తులో ముంచుతుంది. కొవ్వుతో కలిసే వాటిని ఆ కావలి కొంచెం చూసీచూడనట్టు వదులుతుంది. కాబట్టి కంటికి ఆననంత సన్నటి కొవ్వు గింజలు చేసి, మందును వాటిలో దాచి, మెదడుకు పంపగలమా అన్నది మా ప్రయత్నం. కొవ్వు కరిగించి, మందు కలిపి, వేడినీళ్ళలో పోసి, యంత్రంతో చిలికి, చల్లార్చితే ఆ గింజలు తయారవుతాయి. మేము ఎంచుకున్నది మూర్ఛ మందు. సారు ఎంచుకున్నారని అందరూ అనుకునేవాళ్ళు. నిజానికి అడిగింది నేను.

నాకొక తమ్ముడు ఉన్నాడు. తిప్పేస్వామి, ఇంట్లో స్వామి అంటాం. మాది రాయదుర్గం పక్కన పల్లె, నాయనది శెనక్కాయ సేద్యం, వానొస్తే పంట, రాకపోతే లేదు. అమ్మ మా చిన్నప్పుడే పోయింది. మమ్మల్ని పెంచింది మా నాయన తల్లి, మా అవ్వ. స్వామికి చిన్నప్పటి నుంచి మూర్ఛ. ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చే మాత్ర పొద్దున, రాత్రి మింగితే మూర్ఛ రాదు, కానీ వాడు పగలంతా కళ్ళు మూతలు పడుతూ తిరిగేవాడు. పెద్దయ్యాక రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లో పనికి కుదిరాడు. మిషను మీద కూర్చుని తూగితే పని పోతుంది, మాత్ర మింగకపోతే ప్రాణమే పోవచ్చు. ఆ రెంటి మధ్య వాడు నలిగేవాడు. నేను డాక్టరేటుకు సారు దగ్గర చేరిన రోజే ఈ సంగతి చెప్పి, మూర్ఛ మందు మీద చేస్తానన్నాను. "ఇంట్లో మనిషి కోసం చేసే పనికి చెయ్యి వణుకుతాది. వణకకుండా చేస్తావా?" అన్నారు. చేస్తానన్నాను.

ఒకసారి ఊరికి పోయినప్పుడు అవ్వ నన్ను పట్టుకుంది. "ఆ అనంతపురంలో ఏం చదువుతాండాది మీ పిల్ల అని ఊరంతా అడుగుతాండారు. నాకు తెల్లేదంటే సిగ్గు. చెప్పు, నేనూ చెప్పుకుంటా" అంది. నేను సంబరంగా చెప్పాను.

"మెదడుకు కావిలి ఉంటాదవ్వా. మందును లోపలికి పోనీదు."

"ఎందుకు పోనీదు?"

"దాని పనే అది. కానీ నూనెలో, కొవ్వులో కలిసిన వాటిని కొంచెం పోనిస్తాది. అందుకే మేము మందును నూనెలాంటి దాంట్లో పెట్టి మెదడుకు పంపిస్తాండాం. అట్లయితే మందు కొంచెమే చాలు, మన స్వామికి ఈ మబ్బు, ఈ తూగు ఉండదు."

అవ్వ ముఖం వెలిగిపోయింది. "ఓసి, ఇంతేనా. దీనికి ఇన్నేండ్లు చదవాల్నా? పసిబిడ్డకు మాడు మీద ఆముదం ఏంటికి పెడతారనుకున్నావు?" అంది. నేను నవ్వాను. అవ్వా నవ్వింది. మా అవ్వకు ఎంత సులభంగా అర్థమయ్యేట్టు చెప్పానో అని బస్సులో వస్తూ నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

తర్వాత కొన్ని నెలలకు మా పని ఒక మలుపు తిరిగింది. మందుకు బదులు మెరిసే రంగును ఆ కొవ్వు గింజల్లో పెట్టి ఎలుకలకు సూది వేశాం. వాటి మెదడు కోతలను బెంగళూరులో పెద్ద సూక్ష్మదర్శిని ఉన్న ల్యాబుకు పంపాం. ఒక మధ్యాహ్నం ఫోటోలు వచ్చాయి. నల్లటి మెదడు కోత మీద అక్కడక్కడ పచ్చటి చుక్కలు మెరుస్తున్నాయి. కావలి దాటి లోపలికి పోయాయన్నమాట. సారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఊఁ" అన్నారు. అంతే. కానీ ఆ సాయంత్రం ల్యాబులో అందరికీ ఉగ్గాని, బజ్జీలు తెప్పించారు, అది మేం అంతకుముందు ఎన్నడూ ఎరగని సంగతి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, స్వామి మబ్బు లేని కళ్ళతో మిషను తొక్కుతున్నట్టు ఊహించుకుంటూ పడుకున్నాను.

అదే వారంలో నాయన ఫోన్ చేశాడు. "స్వామికి మిషను మీదనే వచ్చినాది మ్మా. సూది వేలిలోంచి దిగబడినాది. నువ్వు రా" అన్నాడు. కళ్యాణదుర్గం మీదుగా బస్సులు మారి ఊరు చేరేసరికి పొద్దు వాలింది. వాడి చూపుడు వేలికి పెద్ద కట్టు. యూనిట్ వాళ్ళు నయమయ్యే దాకా రావద్దన్నారట. ఇన్నేళ్ళుగా రాని మూర్ఛ ఎందుకొచ్చిందో నాకు ఎంతకూ తెలియలేదు. మాత్రలు వేసుకుంటున్నావా అంటే వేసుకుంటున్నా అన్నాడు. మాత్రల పట్టీ చూస్తే అయిపోతూనే ఉంది. మరెందుకొచ్చింది?

పొద్దున లేచేసరికి జవాబు ఎదురుగా కనబడింది. అవ్వ వాకిట్లో కూర్చుని, పసిబిడ్డలకు మందులు అరగదీసే సానరాయి మీద ఆముదం చుక్క వేసి, అందులో స్వామి మాత్రను గంధం తీసినట్టు అరగదీస్తోంది. వాడు వచ్చి ఆమె ముందు తల వంచుకుని కూర్చున్నాడు. ఆమె ఆ ముద్దను వేలితో తీసి వాడి మాడు మీద పెట్టి, అరచేత్తో తట్టి తట్టి ఇంకేట్టు చేసింది.

"అవ్వా, ఏం చేస్తాండావు?"

"నువ్వు చెప్పిందే" అంది ఆమె, తడుతూనే. "నూనెలో పెడితే మెదడుకు పోతాది అంటివి గదా. కడుపులోకి పోయి ఒళ్ళంతా తిరిగేది ఏంటికి? చూడు, పిల్లోనికి మబ్బే లేదు."

స్వామి కూడా తలెత్తి, "నిజమే అక్కా, శానా తేలిగ్గా ఉండాది" అన్నాడు. తేలిగ్గా ఎందుకుండదు, లోపలికి మందే పోకపోతే. నేను అరిచాను, ఏడ్చాను, వాడి నోట్లో మాత్ర వేసి నీళ్ళు పోశాను. అవ్వ నన్ను వింతగా చూసింది. "నీ మందు మీద నీకే నమ్మకం లేదా?" అంది. నాయన మెల్లగా, "అవ్వ చేతి వైద్యం మ్మా, చెడు చేయదు లే" అన్నాడు. నేను ఊరు విడిచిన మరుక్షణం సానరాయి బయటికొస్తుందని నాకు తెలుసు. ఇంకోసారి వస్తే వేలితో పోతుందో, ప్రాణంతో పోతుందో తెలియదు. అబద్ధం చెప్పి ఉంటే సరిదిద్దొచ్చు, నేను చెప్పిందంతా నిజమే కదా.

మరుసటి రోజు ల్యాబులో సారుకు చెప్పాను. ఆయన నవ్వుతారని భయపడ్డాను. నవ్వలేదు. మడిచిన చొక్కా చేతుల్ని ఇంకో మడత పైకి మడిచి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "నువ్వు చెప్పింది తప్పు కాదు. ఆమె ఇన్నదీ తప్పు కాదు. ఇద్దరూ సరిగ్గానే ఉండారు. పిల్లోనికి మాత్రం మూర్ఛ వచ్చినాది. పోగు యాడ తెగింది?" అన్నారు. నాకేం తెలుసు. ఆయనకూ తెలియలేదని ఆ ముఖం చూస్తే తెలిసింది. కాసేపటికి లేచి, "రేపు మీ ఊరికి పోదాం" అన్నారు.

మా ఇంటి ముందు రేకుల చావిడి కింద అవ్వ చింతపండు కొట్టి గింజలు తీస్తోంది. సారును చూసి కొంగు సవరించుకుని, మంచం వాల్చి, చెంబుతో మజ్జిగ తెచ్చింది. సారు మజ్జిగ తాగి, ఆమెకు ఎదురుగా నేల మీదే కూర్చున్నారు. నాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. స్వామి తన కట్టు వేలిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అవ్వా, మాడు మీద పెట్టింది లోపలికి పోదు. చర్మం ఉండాది, దాని కింద ఎముక ఉండాది" అన్నారు సారు.

"పసిబిడ్డకు పోతాది గదా?"

"పోదు. చల్లగా ఉంటాది, అంతే."

"అయితే మీ నూనె యాడ నుంచి పోతాది?"

"రక్తంలో నుంచి. సూదితో ఎక్కిస్తాం."

"ఎవురికి?"

"ఎలుకలకు."

"ఎలుకలకు మూర్ఛ వస్తాదా అప్పా?"

"మేమే తెప్పిస్తాం" అన్నారు.

అవ్వ నాయన వైపు తిరిగింది. "ఇన్నావా? మంచిగుండే వాటికి రోగం తెప్పిచ్చి దానికి మందేస్తారంట" అంది. నాయన నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. సారు వదల్లేదు. "నీ నూనె బొట్టు పెద్దది అవ్వా, ఆ కావిలి సందులో దూరదు. మాది కంటికి కనపడనంత సన్నది" అన్నారు. "అయితే ఇంకా మెత్తగా అరగదీస్తా" అంది అవ్వ. దేనికైనా ఆమె దగ్గర జవాబుంది. ప్రతి జవాబూ మేమే ఇచ్చిన మాటల్లోంచి వచ్చిందే. సారు చెప్పేకొద్దీ ఆమెకు మా మందు మీద నమ్మకం పెరుగుతోంది, మా మందు మీద నమ్మకం పెరిగేకొద్దీ సానరాయి మీద నమ్మకం పెరుగుతోంది.

అప్పుడు సారు స్వామి వేలి కట్టును చూశారు. మజ్జిగ చెంబు పక్కకు జరిపారు. గొంతు మారింది. "అవ్వా, అసలు నేను వచ్చింది వేరే మాట చెప్పేదానికి. చెప్పలేక అదీ ఇదీ మాట్లాడినాను. మా మందు పని చేయలేదు. నీ మనవరాలు శానా కష్టపడినాది, కానీ కాలేదు. నూనెతో మెదడుకు మందు పోదు. మేము ఓడిపోయినాం. మింగే బిళ్ళే గతి" అన్నారు.

అవ్వ చేతిలో చింతపండు అట్లాగే ఉండిపోయింది. ఆమె సారును చూడలేదు, నన్ను చూసింది. "అయ్యో నా బంగారూ" అంది. లేచి వచ్చి చింతపండు అంటిన చేతితోనే నా చెంప నిమిరింది. తర్వాత లోపలికి పోయి, సానరాయిని అటక మీద పెట్టేసి, మాత్ర తెచ్చి స్వామి చేతిలో పెట్టింది. వాడు మజ్జిగతో మింగాడు. మమ్మల్ని బస్సు దాకా సాగనంపుతూ నాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "పోనీ లేమ్మా. వాన రాని ఏడు మనం విత్తనం వేయలేదా ఏమి?" అన్నాడు. నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది. పచ్చటి చుక్కలు నా కళ్ళతో చూసి వారం కాలేదు, మా నాయన నన్ను ఓదారుస్తున్నాడు.

బస్సు కళ్యాణదుర్గం దాటాక ఆపుకోలేకపోయాను.

"ఎందుకు సార్ అట్ల చెప్పినారు? మొన్ననే గదా చూసినాం, లోపలికి పోయినాది."

"పోయినాది. ఎలుకలో. మీ తమ్ముడు ఎలుకనా?"

"అట్లని ఓడిపోయినామంటారా? మా నాయన ముందర?"

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. దున్ని వదిలేసిన ఎర్రటి చేలు వెనక్కి పోతున్నాయి. "ఓడిపోలేదని వాదించేంత గెలుపు ఇంకా నా దగ్గర లేదమ్మా" అన్నారు చివరికి. "గెలిచిన పొద్దు నేనే వచ్చి మీ అవ్వకు చెప్తా. అది నా పని, నీది కాదు." అంతటితో కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారో, నిద్ర నటించారో నాకు తెలియదు.

ఇంతవరకు జరిగింది నాకు ఎట్లాగో అర్థమవుతుంది. తమ్ముడి ప్రాణం కోసం ఆయనొక అబద్ధం ఆడారు, సరే. తికమక అంతా దాని తర్వాతే. సారు మా గింజల్ని రెండు భాగాలు చేసి, ఒకటి ఫ్రిజ్‌లో, ఒకటి ఫ్యాను కూడా లేని గదిలో అలమర మీద పెట్టించేవారు. మే నెల వచ్చింది. ఫ్రిజ్‌లోది పాలలాగా నిక్షేపంగా ఉంది. అలమర మీదిది పెరుగులా ముద్దకట్టింది. సూక్ష్మదర్శిని కింద చూస్తే లోపల దాచిన మందంతా గింజల బయటికి వచ్చేసి సూదుల్లా పేరుకుని ఉంది. ఆ వేడికి కొవ్వు తనలో తాను బిగుతుగా సర్దుకుని మందును బయటికి నెట్టేసింది. "ఫ్రిజ్‌లో బాగుంది కదా సార్" అన్నాను. "మీ ఇంట్లో ఫ్రిజ్ ఉండాదా?" అన్నారు. లేదు. ఉన్నా కరెంటు ఉండాలి కదా. అంటే మా మందు మా ఊరికి పనికిరాదు. చావిడి కింద ఆయన చెప్పిన అబద్ధం ఎండాకాలానికి నిజమై కూర్చుంది. "మీకు ముందే తెలుసా సార్?" అని అడిగాను. "నాకెట్ల తెలుస్తాది?" అన్నారు. ఆ మాట అన్న తీరు చూస్తే తెలుసనే అనిపించింది. తెలియదనీ అనిపించింది.

ఆ తర్వాత జరిగింది ఇంకా విడ్డూరం. కొవ్వు బిగుసుకోకుండా ఉండాలంటే అందులో కొంచెం నూనె కలపాలి, అప్పుడు లోపల వదులుగా ఉండి మందు నిలుస్తుంది. ఏ నూనె అని ఒక్కొక్కటీ వేసి చూస్తున్నాం. ఒకరోజు సారు, "మీ అవ్వ నూనె పెట్టి చూద్దాం" అన్నారు. వేళాకోళం అనుకున్నాను. కాదు. శుద్ధి చేసిన ఆముదం తెప్పించి కలిపించారు. మిగతా వాటన్నిటి కంటే అదే నిలబడింది, ఆ ఎండాకాలం అలమర మీద పాలలాగే ఉండిపోయింది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది.

"ఆముదంతో పోదని ఆమెకు చెప్పొచ్చి, ఇప్పుడు మనం అదే ఆముదం వాడేదా సార్?"

"ఆమె మాడు మీద పెట్టినాది, మనం గింజ లోపల పెడతాండాం. నూనెది ఎప్పుడూ తప్పు లేదు."

"అయితే ఈ మాటన్నా అవ్వకు చెప్పేదా?"

"చెప్తే సానరాయి అటక దిగుతాది" అన్నారు. నేను చెప్పలేదు.

చెప్పకపోవడం ఎంత బరువో అప్పుడు తెలియలేదు. నాకు డాక్టరేటు వచ్చింది. ఊరికి పోయి నాయన కాళ్ళకు మొక్కాను. అవ్వ ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "మందు కాకుండానే పట్టా ఎట్లిచ్చినారు?" అంది. "కష్టపడినాదని ఇచ్చింటారు లే" అన్నాడు నాయన నా తరఫున. ఊళ్ళో ఎవరడిగినా అవ్వ, "మా పిల్ల మందు చేయబోయి ఓడిపోయినాది, మంచి పిల్ల పాపం" అని చెప్పేది. నా ఎదురుగానే చెప్పేది. నేను తల వంచుకుని కూర్చునేదాన్ని, పక్కన స్వామి మాత్ర మింగేవాడు. వాడు మింగినన్నాళ్ళూ నేను ఓడిపోయే ఉండాలి. అది నాకు చాలా కష్టంగా ఉండేది.

సారులో కూడా ఆ ప్రయాణం తర్వాత ఒక కొత్త అలవాటు వచ్చింది. మేం ఎవరికైనా ఏదైనా వివరిస్తే ఆయన మా వైపు చూసేవారు కాదు, విన్నవాళ్ళ వైపు తిరిగి, "నువ్వేం ఇన్నావో చెప్పు" అనేవారు. మేము చెప్పిందొకటి, వాళ్ళ నోటి నుంచి వచ్చేదొకటి. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి, తెగిన పోగు వెతికేవారు. ఇప్పుడు నా తరగతిలో నేను చేసేది కూడా అదే. అయినా ఒక్కోసారి పిల్లలు నేను చెప్పింది చెప్పినట్టే తిరిగి చెప్తారు, అప్పుడు నాకు ఇంకా ఎక్కువ భయమేస్తుంది. అడిగి ఉంటే అవ్వ కూడా ఆ రోజు నేను చెప్పింది సరిగ్గానే తిరిగి చెప్పి ఉండేది కదా.

రిటైరయ్యాక సారు ధర్మవరం వెళ్ళిపోయారు. నేను ఆయన కుర్చీలోకి వచ్చాను. ఫోన్ చేస్తే మొదటి మాట, "పిల్లోడు బిళ్ళ మింగుతాండాడా?" రెండోది, "అవ్వ గట్టిగా ఉండాదా?" మూడోదే ల్యాబు సంగతి. ఎలుకల దాకా బాగానే ఉంది, మనుషుల దాకా పోవాలంటే ఎన్నో అనుమతులు, ఎన్నో పరీక్షలు, మా చిన్న ల్యాబుకు మించిన యంత్రాలు కావాలి. మాలాంటి వాళ్ళు దేశదేశాల్లో ఎందరో దీని మీదే కూర్చున్నారు, ఎవరో ఒకరు చేస్తారు అనేదాన్ని. "చేస్తారు లే. కానీ ఆమె ఉండంగనే కావాల గదా, నేను పోయి చెప్పాల" అనేవారు. మొన్న మార్చిలో ఆయనే పోయారు. గుండె ఆగింది. ఆ వార్త విన్నప్పుడు ఏడుపు రాలేదు. ఇంక అవ్వకు ఎవరు చెప్తారు అన్నదే మొదట తోచింది, అట్లా తోచినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

కడసారి చూపుకు ధర్మవరం పోయి, అక్కడి నుంచి నేరుగా మా ఊరికే పోయాను. స్వామి ఇప్పుడు ఇంట్లోనే సొంతంగా మిషను పెట్టుకుని యూనిట్లకు కుట్టి ఇస్తున్నాడు. డాక్టరు మందు మార్చాక మబ్బు కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. మాత్ర ఎందుకు మానకూడదో వాడికే బాగా తెలుసు, ఇప్పుడు ఎవరూ అబద్ధం చెప్పక్కర్లేదు. అవ్వ పక్కన కూర్చుని, నాగభూషణం సారు పోయారని చెప్పాను.

"పాపం. ఓడిపోయిన మనిషి. నిమ్మళంగా పోయినాడా?" అంది.

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. "ఓడిపోలేదవ్వా" అన్నాను. "ఆ పొద్దు నీకు అట్ల చెప్పినారంతే, నువ్వు వీనికి బిళ్ళ మింగించాలని. మందు మెదడులోకి పోయినాది. నేను కండ్లారా చూసినాను. ఎండకు గూడా నిలబడినాది. నీ ఆముదంతోనే."

అవ్వ అంతా విన్నది. నోట్లోని వక్క అటు నుంచి ఇటు మార్చుకుంది. కోపం లేదు, ఎగతాళి లేదు. "అయితే మందేదీ?" అంది.

"ఇంకా మనుషుల దాకా రాలేదవ్వా" అన్నాను. మిషను దగ్గర స్వామి పట్టీలోంచి మాత్ర చిదిమి నోట్లో వేసుకున్నాడు, మందు మారినా అదీ మింగే మాత్రే. ఏం చేయాలో తెలియక సారు అలవాటునే పట్టుకున్నాను. "నేను చెప్పిందాంట్లో నువ్వేం ఇన్నావో చెప్పవ్వా" అన్నాను.

"ఏముండాది ఇనేదానికి. పోతాది అంటివి. ఇంకా పోలేదు అంటివి" అంది అవ్వ.

ఇన్నేళ్ళ నా చదువును అంత సరిగ్గా ఎవరూ చెప్పలేదు, సారు కూడా. ఆయన ఉంటే పక్కన పెట్టి చూసి, ఇందులో పోగు ఎక్కడా తెగలేదు అనేవారేమో, లేక తెగింది ఇక్కడే అనేవారేమో. నాకు తెలియదు. ఆమె నా తల మీద చెయ్యి పెట్టి చూసి, "ఎండలో పడి వచ్చినావు, మాడు కాలిపోతాండాది" అని ఆముదం సీసా తెమ్మంది. నా మాడు మీద ఆముదం పెట్టి, స్వామికి తట్టినట్టే తట్టి తట్టి ఇంకేట్టు చేసింది. వద్దనలేదు. తల వంచుకుని కూర్చున్నాను.

ఈ ఉదయం ఆ పిల్ల ఇంకా జవాబు కోసం నా వైపే చూస్తోంది. ఒక సీసా ఫ్రిజ్‌లో పెట్టమని, ఒకటి కిటికీ పక్క అలమర మీద పెట్టమని చెప్పాను. గెలిచిన పొద్దు నేనే వచ్చి చెప్తానన్న సారు మాట ఇప్పుడు నా మీద పడింది. అవ్వకు చూపు దాదాపు పోయింది. చెవులు మాత్రం ఇంకా బాగా వినిపిస్తాయి.